పద్నాలుగో రోజు దాటాక

ఈగలు తోలుకోవడమంటే చేతిలో పని లేకపోవడమని మన వాడుక. నా ముందు ఎవరన్నా ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఏడేళ్ళుగా నా పనే అది. అరటిపండు మగ్గితే చుట్టూ మూగే నువ్వుగింజంత ఈగలు ఉంటాయి చూడండి, వాటిని గాజు సీసాల్లో పెంచుతాను. గ్యాసుతో మత్తు పెట్టి, తెల్ల పలక మీద బోర్లించి, మైక్రోస్కోపు కింద కుంచెతో ఆడవి ఇటు, మగవి అటు జరిపి లెక్కపెడతాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆదివారాలు కూడా. ఈగలకు సెలవులుండవు.

ఎందుకీ లెక్క అంటే చెబుతాను. ఆడ ఈగకు ఎక్స్ క్రోమోజోములు రెండు, మగ ఈగకు ఒక్కటే. ఆ క్రోమోజోము మీద ఉన్న జన్యువులన్నీ ఇద్దరి ఒంట్లోనూ దాదాపు ఒకే మోతాదులో పనిచెయ్యాలి, లేకపోతే ఒళ్ళే నడవదు. మనుషుల్లో ఆడవాళ్ళు రెండింట్లో ఒకదాన్ని మూసిపెట్టి సర్దుకుంటారు. ఈగల్లో పద్ధతి వేరు. మగ ఈగ తన ఒక్క ఎక్స్ చేతే రెండింటి చాకిరీ చేయిస్తుంది.

పెళ్ళైన కొత్తలో ఈ సంగతి మా ఆవిడకు ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ విని, "మగాడు రెట్టింపు పని చేస్తాడా? ఒకణ్ణి ఇంటికి తీసుకురా, కళ్ళారా చూస్తాను" అంది. అప్పట్లో ఇద్దరం నవ్వుకున్నాం. ఈమధ్య ఆ జోకు ఎవరూ వెయ్యడం లేదు.

ఆవిడ టీచరు. పొద్దున బళ్ళో లెక్కలు చెబుతుంది. సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా కోచింగ్ సెంటర్లో అవే లెక్కలు వేరే పిల్లలకు చెబుతుంది. వచ్చాక వంట, పాప చదువు. నా డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం వచ్చేదాకా ఆ సాయంత్రం పని తప్పదని ఇద్దరం అనుకున్నాం. నిజానికి నేను అన్నాను, ఆవిడ విన్నది. "ఇంకొక్క నెల" అని రెండేళ్ళుగా చెబుతున్నాను. మొదట్లో "సరే" అనేది. తర్వాత "ఊఁ" అనేది. ఇప్పుడు అదీ లేదు.

కానీ ఈసారి నిజంగానే ఒక్క నెల. నేను పట్టుకున్న జన్యువును చెడగొడితే మగ ఈగల ఎక్స్ రెట్టింపు పని మానేస్తుంది. రెండు వంతులు రావలసిన చోట ఒకటింపావు వంతే వస్తోందని పురుగు దశలోనే కొలిచి చూశాను. ఆడవాటికి ఏమీ కాదు, సీసాలోంచి వరసగా బయటికొస్తాయి. మగవి ఒక్కటీ రావు. గాజుకు అంటుకున్న గూళ్ళలోనే ఉండిపోతాయి. ఆ గూళ్ళను ఫొటో తీసి, కింద "గూట్లోనే చనిపోయిన మగ ఈగలు" అని రాసి, వ్యాసంలో మూడో బొమ్మగా పెట్టాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్న బొమ్మ అది. పత్రికవాళ్ళు వ్యాసం బాగుందన్నారు, మరో మూడు సీసాలు లెక్కపెట్టి శుక్రవారంలోగా పంపమన్నారు. దాన్ని అచ్చుకు ఒప్పుకుంటే డిగ్రీ, డిగ్రీ వస్తే ఒక కాలేజీలో నాకోసం నెలాఖరు దాకా ఆపి ఉంచిన ఉద్యోగం, ఆ ఉద్యోగం వస్తే మా ఆవిడకు సాయంత్రాలు. అంతా ఆ మూడు సీసాల మీద ఉంది.

ఆ వారమే మా ఆటోక్లేవ్ పాడైంది. అంటే మనిషి పట్టేంత ప్రెషర్ కుక్కరు. వాడేసిన సీసాలను అందులో ఉడికించి, ఈగలూ గుడ్లూ పురుగులూ అన్నీ చచ్చాకే కడుగుతారు. దాని మూతకుండే రబ్బరు చుట్టు తెగింది. మెకానిక్కు రోజూ "రేపు" అంటున్నాడు. ఉడకని సీసాలు కింద కడిగే గదిలో బారులు తీరాయి.

సోమవారం పొద్దున సీసాలక్క పైకి వచ్చింది. ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుందేమో కాని, అందరికీ సీసాలక్కే. మా ల్యాబులో ఎవరికన్నా పాత మనిషి. నేను చేరిన రోజున నా చేతికి కుంచె ఇచ్చింది ఆవిడే.

"బాబూ, నీ సీసాల్లోంచి ఈగలొస్తున్నాయి" అంది.

"ఈగలు రాక ఏనుగులొస్తాయా అక్కా?" అన్నాను, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండా.

"అది కాదు. నల్లముడ్డివొస్తున్నాయి."

మగ ఈగకు కడుపు చివర నల్లగా ఉంటుంది. ఆవిడ పెట్టుకున్న పేరు అది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నూట ఎనభయ్యో, నూట ఎనభై ఒకటో లెక్కలో ఉండగా ఆవిడ మాటలతో ఆ అంకె కాస్తా పోయింది.

"అక్కా, గదిలో వంద రకాల ఈగలు తిరుగుతున్నాయి. ఎక్కడివో వచ్చి వాలుంటాయి. మీ పని సీసాలు కడగడం. ఈగల సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ "సరే బాబూ" అని వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

మంగళవారం టీ కప్పుల్లో ఈగలు పడ్డాయి. బుధవారం మా పెద్దాయన కళ్ళద్దాల మీద ఒకటి వాలింది. పెద్దాయనంటే మా గైడు. మంచివాడే, కాని కోపం వస్తే గోడలు కూడా సర్దుకుని నిలబడతాయి. "ఎవడి సీసాలవి? కింద ఈగల సంత పెట్టారా?" అని వరండాలో కేక వేశాడు. నావే అయివుంటాయి. మెకానిక్కును, రబ్బరు చుట్టును, సీసాలక్కను మనసులో తిట్టుకుంటూ మెట్లు దిగాను.

కడిగే గది ఎప్పుడూ తడిగా, పులిసిన వాసనతో ఉంటుంది. బల్ల మీద నా మూడు సీసాలు విడిగా పెట్టి ఉన్నాయి, దూది మూతలు గట్టిగా బిగించి. ఈగల గోల వేరే సీసాల్లోంచి, మూతలు వదులైన వాటిలోంచి వస్తోంది. నావి మాత్రం ఎవరో జాగ్రత్తగా మూసి ఉంచారు. వాటి మీద నా రాతతో చీటీలు: మూడో తారీకున గుడ్లు పెట్టించినవి.

సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాను. లోపల ఈగలు నడుస్తున్నాయి. నేను పదిహేడో తారీకున, పద్నాలుగో రోజున, ఒక్కటి కూడా లేకుండా దులిపి కిందికి పంపిన సీసా అది.

పైకి పరిగెత్తి గ్యాసు, పలక తెచ్చాను. పలక మీద బోర్లిస్తే ముప్ఫై ఒకటి. అన్నీ చిన్నగా, కొంచెం పాలిపోయి ఉన్నాయి. అన్నీ మగవే.

మొదట అబద్ధం అనుకున్నాను. తర్వాత ఎవరివో దూరాయనుకున్నాను, కాని దూది మూత దాటి ముప్ఫై ఒకటి ఎలా దూరతాయి? దూరితే అన్నీ మగవే ఎందుకు దూరతాయి? పైగా వాటి రెక్కలూ కళ్ళ రంగూ నా జాతివే. ఆఖరికి ఇవి తర్వాతి తరమేమో అనుకున్నాను. అంటే ముందు వచ్చిన ఆడవాటి తమ్ముళ్ళు కాదు, బయటి మగ ఈగ ఏదో దూరితే వాటికి పుట్టిన కొడుకులు. అదొక్కటే నన్ను బతికించే దారి. తమ్ముళ్ళైతే నా వ్యాసం పోతుంది. మేనల్లుళ్ళైతే నిలబడుతుంది.

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. మూడున గుడ్లు. పదమూడున మొదటి ఆడవి బయటికొచ్చాయి. వాటికి పిల్లలు పుట్టి, పెరిగి, రెక్కలొచ్చి బయటికి రావాలంటే మరో పది రోజులు. ఎంత తొందరపడ్డా ఇరవై మూడు. ఈ రోజు ఇరవై ఒకటి. రెండోసారి లెక్కపెట్టాను. మూడోసారి ఎడమ చేత్తో లెక్కపెట్టాను, అదేదో ఒప్పుకుంటుందని. ఒప్పుకోలేదు. వీళ్ళు తమ్ముళ్ళే. చావలేదు, ఆలస్యమయ్యారు, అంతే.

పక్కనున్న బకెట్టును తన్నాను. అది నిండుగా ఉంది. కాలి బొటనవేలు నొప్పెట్టింది తప్ప దానికేమీ కాలేదు.

ఎందుకు పద్నాలుగో రోజుకే లెక్క కట్టేస్తున్నానో చెప్పాలి. రెండో ఏడు చదువుతుండగా ఒకసారి సీసాలు ఇరవై అయిదు రోజులు ఉంచాను. మనవలూ తాతలూ కలిసిపోయి మూడు నెలల పని బూడిదలో పోసిన పన్నీరైంది. పెద్దాయన అందరి ముందూ చెడామడా దులిపేశాడు. ఆ అవమానంతో ఒక కాగితం మీద "పద్నాలుగో రోజు దాటితే లెక్క లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి బల్ల ముందు అంటించాను. మామూలు ఈగలు పదమూడో రోజుకే అన్నీ వచ్చేస్తాయి కనుక నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. నా జాగ్రత్తే నన్ను ముంచింది. పద్నాలుగో రోజున దులపడం, ఉడికించడం, కడగడం. గూళ్ళలో ఇంకా కళ్ళు తెరవని తమ్ముళ్ళను రెండేళ్ళుగా నేనే ఉడికించి, చచ్చాయని రాశాను.

సీసాలక్క ఎప్పుడు వచ్చిందో, వేడినీళ్ళ కెటిలుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆటోక్లేవ్ లేనప్పుడు ఈగల్ని చంపడానికి అదొక్కటే మార్గం.

"పెద్దాయన అరుస్తున్నాడు. అన్నిట్లోనూ పోసెయ్యమన్నాడు. నీవి కూడా పోసెయ్యనా?"

 నిజం చెప్పాలంటే, పోసెయ్యమందామనే నోరు తెరిచాను. ఎవరికి తెలుస్తుంది? పైన నా పుస్తకంలో పద్నాలుగు రోజుల లెక్క నిక్కచ్చిగా ఉంది: ఆడవి ఇన్ని, మగవి సున్నా. శుక్రవారం పంపేస్తాను. నెలాఖరుకు ఉద్యోగం. మా ఆవిడ సాయంత్రం నాలుగింటికి ఇంట్లో కుర్చీలో కూచుంటుంది. ఆ కుర్చీ నా కళ్ళకు కట్టింది.

పలక మీద మత్తు వదిలిన ఈగ ఒకటి లేచి, కాళ్ళు దులుపుకుని, నడక మొదలుపెట్టింది. చచ్చిందని నేను బొమ్మ కింద రాసిన ఈగ అది. ఇప్పుడు దాని మీద వేడినీళ్ళు పోయించడమంటే, రాసినదాన్ని నిజం చెయ్యడానికి చంపించడమే.

"ఆగక్కా" అన్నాను. "నావి మూడూ అలాగే ఉంచండి."

"మరి పెద్దాయన?"

"పెద్దాయనకు నేను చెప్పుకుంటాను."

చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరు మాట్లాడినా కసురుకున్నాను. పాప రంగు పెన్సిలు విరిగిందని చెబితే, "అయితే నన్నేం చెయ్యమంటావు?" అని అరిచాను. అది బిక్కమొహం వేసుకుని వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళింది. మా ఆవిడ నా వైపు ఒకసారి చూసి, బ్యాగు తగిలించుకుని కోచింగ్ సెంటరుకు వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున మూడు సీసాలూ పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాను. అప్పటికి మొత్తం మగవి నూట నాలుగు. ఆయన అంతా విన్నాడు. అరవలేదు, అదే భయమేసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు రాసింది పద్నాలుగు రోజుల లెక్క. ఆ లెక్క తప్పా?"

"కాదండీ."

"మరింకేం? పద్నాలుగు రోజుల్లో మగవి రాలేదు అని రాయి. మూడో బొమ్మ కింద 'చనిపోయిన' అన్న ఒక్క మాట తీసెయ్. అబద్ధం ఎక్కడుంది? తర్వాతి సంగతి తర్వాతి వ్యాసంలో చూసుకుందాం."

ఆయన నా మేలు కోరే అన్నాడని నాకు తెలుసు. ఏడేళ్ళుగా నన్ను మోస్తున్న మనిషి. ఆ దారి ఎంత సుఖంగా ఉందంటే, నా తల దానంతటదే ఊగబోయింది. ఒక్క మాట తీసేస్తే చాలు.

"అసలు ఈ సీసాల్లో ఈగల్ని ముందు ఎవరు చూశారు?" అని ఆయన ఉన్నట్టుండి అడిగి, తలుపు తీసి సీసాలక్కను పిలిచాడు. ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"వీటిల్లో ఈగలొస్తున్నాయని ఎప్పుడు చూశావమ్మా?"

"కుక్కరు పాడైనప్పుడల్లా వస్తాయండీ. పోయినేడు కూడా వచ్చాయి. నల్లముడ్డివే. బాబు సీసాల్లోంచే."

పెద్దాయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"పోయినేడా? మరి ఎవరికీ చెప్పలేదేం?"

సీసాలక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "అప్పుడు అందరూ పనిలో ఉన్నారండీ" అంది.

నన్ను కాపాడటానికే అలా అంది. నాకప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు వానాకాలంలో, ఇలాగే నేను కుంచె పట్టుకుని ఉండగా, ఆవిడ వచ్చి నిలబడింది. ఏం చెప్పిందో గుర్తులేదు, ఎందుకంటే నేను వినలేదు. నేనన్న మాట మాత్రం గుర్తుంది. మొన్న సోమవారం అన్నదే: మీ పని సీసాలు కడగడం.

"నాకు చెప్పిందండీ" అన్నాను. "నేనే వినలేదు. విని ఉంటే ఈపాటికి అసలు వ్యాసం రాసి ఉండేవాణ్ణి. ఇది పంపొద్దండీ. వెనక్కి తీసుకుందాం."

పెద్దాయన ఒక సీసా ఎత్తి వెలుతురుకు పట్టాడు. "రెట్టింపు చెయ్యకుండా ఎలా బతుకుతున్నాయిరా ఇవి?" అన్నాడు చివరికి. కోపమూ ఆశ్చర్యమూ సగం సగం ఉన్న గొంతు. "ఏడాది పడుతుంది నీకు ఇది తేల్చడానికి. తెలుసా?"

"తెలుసండీ."

"ఆ కాలేజీవాళ్ళు ఆగరు."

"తెలుసండీ" అన్నాను మళ్ళీ.

సీసాలక్క వెళ్ళబోతుంటే, "అక్కా, తప్పైపోయింది" అన్నాను. ఆవిడ "సరేలే బాబూ, ఆ మూతలు నువ్వే తియ్యి, నాకు కింద కడగాల్సినవి ఉన్నాయి" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మూడున్నరకే ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ బడి నుంచి వచ్చి, కోచింగ్ సెంటరుకు బయల్దేరే ముందు నిలబడే టీ తాగుతోంది. ఆ టీ ఆవిడ ఎప్పుడూ కూచుని తాగడం నేను చూడలేదు. మొత్తం చెప్పాను. వ్యాసం లేదు, ఉద్యోగం లేదు, ఇంకో ఏడాది. ఈసారి "ఇంకొక్క నెల" అనే ధైర్యం లేకపోయింది.

ఆవిడ కప్పు కింద పెట్టింది.

"ఆ మగవి రెట్టింపు పని మానేశాయన్నావు."

"మానేశాయి. పూర్తిగా కాదు. ఒకటింపావు వంతు."

"అయినా చావలేదు."

"చావలేదు. నాలుగైదు రోజులు ఆలస్యంగా వచ్చాయి. చిన్నగా ఉన్నాయి."

"నడుస్తున్నాయా?"

"నడుస్తున్నాయి. ఎగురుతున్నాయి కూడా."

ఆవిడ భుజానికున్న బ్యాగు తీసి తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. ఫోను తీసి ఎవరికో, "ఇవాళ్టి నుంచి నేను రానండీ. లేదు, ఒంట్లో బాగానే ఉంది. మానేస్తున్నాను" అని చెప్పింది. తర్వాత కుర్చీ లాక్కుని కూచుంది. నేను ఊహించుకున్న కుర్చీయే, కాని నేనిచ్చింది కాదు.

"మరి ఇల్లు?" అన్నాను, నోరు ఊరుకోక.

"ఆలస్యంగా నడుస్తుంది. నడవనీ" అంది. "పొద్దున వంట నువ్వు చెయ్యి. పాపను బడిలో నువ్వు దింపు. నేను రెండేళ్ళు రెండింతలు చేశాను. మానేస్తే ఏమైపోతామోనని భయపడి చేశాను. ఏమీ కామని నువ్వే లెక్కపెట్టి చెప్పావుగా."

 ఏడేళ్ళ నా పనిలో ఆవిడ నమ్మిన మొదటి ఫలితం అదే.

మర్నాడు బల్ల ముందున్న కాగితం చింపేసి, కొత్త సీసాల్లో గుడ్లు పెట్టించాను. పద్దెనిమిదో రోజున పాపను బడిలో దింపి, మాడిన గిన్నె తోమి, ల్యాబుకు వచ్చేసరికి పదిన్నరైంది. సీసాలక్క అప్పటికే పలక మీద వరస పెట్టేసింది. చేతిలో కుంచె నాదే.

"ఆలస్యమైంది అక్కా" అన్నాను.

"ఇవి కూడా ఇప్పుడే వచ్చాయిలే బాబూ" అంది, తల ఎత్తకుండా. "నలభై రెండు. మాట్లాడించకు, లెక్క పోతుంది."